తొంభై రెండుకి శాలువా, ముప్పై ఎనిమిదికి మెమో

పదో తరగతి ఫలితాలు రాగానే బడుల జాతకాలు తేలిపోతాయి. ఉత్తీర్ణత నూరు శాతమైతే హెడ్మాస్టరుకి శాలువా, తగ్గితే మెమో. ప్రవేశ పరీక్ష పెట్టి, వడపోసి, అప్పటికే తొంభై తెచ్చుకునే పిల్లల్ని చేర్చుకుని, తొంభై రెండుతో బయటికి పంపిన బడి ఫ్లెక్సీ కూడలిలో నిలువెత్తున వెలుస్తుంది. ఆరో తరగతిలో తన పేరు రాయడానికే తడబడిన పిల్ల చేత లెక్కల్లో 38 తెప్పించిన జిల్లా పరిషత్ బడికి మాత్రం సంజాయిషీ ఇమ్మని తాఖీదు! కొండమీద పుట్టినవాడికి కొండెక్కాడని సన్మానమన్నమాట.

చివరి మార్కు చూస్తే చాలదు, ఏడాదికేడాది పిల్లవాడు ఎంత ఎదిగాడో లెక్కగట్టాలని అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం 1992లోనే చట్టం చేసుకుంది. ఆ లెక్క నేర్పిన విలియం శాండర్స్ వ్యవసాయ గణాంకాల్లో ఆరితేరినవాడు. మన దగ్గరా 2022లో తెలంగాణ, ప్రాథమిక బడుల పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు నేర్పే ‘తొలిమెట్టు’ కార్యక్రమం తెచ్చింది. మొదట్లో ఓ పరీక్ష, చివర్లో ఓ పరీక్ష. భేష్! కాకపోతే పరీక్ష పెట్టేదీ, మార్కులు ఎక్కించేదీ, ఎదుగుదల లేదంటే చీవాట్లు తినేదీ ఒకే పంతులుగారు. అలాంటప్పుడు మొదటి పరీక్షలో క్లాసంతా నిరక్షరకుక్షులుగానూ, చివరి పరీక్షకి మహాపండితులుగానూ తేలితే ఆశ్చర్యమేముంది? పిల్లల్ని పైకి లాగడం కష్టం గానీ, మొదటి మార్కుని కిందికి లాగడం ఎంతసేపు?

పై అధికారులు అడిగేది గ్రాఫు. గ్రాఫు పెరుగుతూనే ఉంటుంది. పిల్లల సంగతంటారా, దానికి ఇంకా కాలమ్ ఇవ్వలేదు!