గీత మీద గీతాంజలి

పుట్టుకతో నేను ఘంటసాల భగవద్గీత క్యాసెట్టుని. తెనాలిలో నాన్నగారు తెల్లారి కాఫీ గ్లాసుతోపాటు నన్ను టూ ఇన్ వన్‌లో వేసేవారు. నా మీద వేరే రికార్డింగు పడకుండా వెనక అంచున రెండు బెజ్జాలుంటాయి. వాటిలో కాగితం ఉండ కుక్కితే ఎంత పవిత్రమైన క్యాసెట్టయినా ఖాళీదే అవుతుందని పదో తరగతి చదివే చిన్నమ్మాయికి ఎవరు చెప్పారో!

అది 1989, గీతాంజలి సినిమా వచ్చిన ఏడు. ఇళయరాజా బాణీ, వేటూరి మాటలు. రేడియోలో పాట మొదలవగానే ప్లే, రికార్డు మీటలు రెండూ కలిపి నొక్కేసింది. అనౌన్సరు గొంతు పడకూడదని పాట అవగానే టక్కున ఆపింది. అక్కణ్ణుంచి మళ్లీ శ్లోకం, అదీ సగంలోంచి.

నాకు ఒళ్లు మండిన మాట నిజం. కానీ ఆ పిల్ల విన్నట్టు నన్నెవరూ వినలేదు. పెద్దాయన నన్ను వింటూ పేపరు చదివేవారు. ఆమె వింటూ ఇంకో పని చేసేది కాదు. టేపు లోపల చిక్కుకుంటే నటరాజ్ పెన్సిలు దూర్చి, ఊపిరి బిగబట్టి చుట్టేది. ప్రాణంలాంటి స్నేహితురాలి నాన్నకి బదిలీ అయి వాళ్లు ఊరొదిలిన సాయంత్రం ఆ పాటే పదకొండుసార్లు. "ఏమైందే?" అంటే "ఏం లేదు" అంది. స్పీకరు జాలీకి చెవి ఆనించి కూర్చుంది. తలుపేసుకోడానికి తనకంటూ గది లేని ఇల్లు. ఆ కాసేపూ పాటే ఆమె గది.

పదికీ ముప్పైకీ మధ్య జరిగినవే మనుషులకి ఎక్కువ గుర్తుంటాయనీ, పాటలూ అంతేననీ మనస్తత్వ శాస్త్రవేత్తలు అంటారు. ఆ సాయంత్రం నా పక్కనుంటే వాళ్లకి అంత పరిశోధన అక్కర్లేకపోయేది.

ఓ తెల్లవారుజామున దొంగతనం బయటపడింది. శ్లోకం మధ్యలో వయొలిన్లు! నాన్నగారు పేపరు దించి, పాట అయ్యేదాకా విని, నన్ను తీసి రెండోవైపు వేసుకున్నారు. అంతే. తిడతారనుకున్న నేనే డీలా పడ్డాను.

ఇన్నేళ్లకి, మొన్న బీరువా సర్దుతుంటే ఆ పిల్లకే దొరికాను. నన్ను వేయడానికి ఇంట్లో యంత్రమే లేదు. "ఆ పాట ఫోన్లో ఉంటుందిగా అమ్మా" అని, తన చెవుల్లోంచి ఇయర్‌ఫోన్సు తీసి ఆమెకి పెట్టాడు పదిహేనేళ్ల కొడుకు. కళ్లు మూసుకుని విన్నది. చివరి స్వరం ఆగింది. వాడు ఫోను తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఉండరా, ఘంటసాల వస్తాడు" అంది.