సముద్రమంత ఎర్తింగు

బోటుకి పోర్టబుల్ జెనరేటరు తగిలించే విద్యలో మన తీరానికి సొంత సిద్ధాంతం ఒకటుంది. ఏ ఐటీఐలోనూ చెప్పరు. గిలకలదిండి రేవులో వినిపిస్తుంది, నాగాయలంకలో వినిపిస్తుంది, గుడివాడ దాటి నందివాడ వైపు వెళ్తే చేపల చెరువు గట్ల మీద కొంచెం మార్చి వినిపిస్తుంది. సిద్ధాంతం మొత్తం ఒక్క ప్రశ్నలో ఇమిడిపోయింది: "బోటు నీళ్లలోనే ఉంది గదండీ, మళ్లీ ఎర్తింగెందుకు?"

దీని ముందు ఎంతటి ఇంజనీరైనా నోరు మూసుకోవాల్సిందే. ఇంటికి ఎర్తింగు కావాలంటే గొయ్యి తవ్వాలి, బొగ్గూ ఉప్పూ పొయ్యాలి, పైపు దింపాలి, ఎండాకాలం గుర్తుపెట్టుకుని బిందెడు నీళ్లు పొయ్యాలి. బోటు ఓనరుకి ఆ బాధే లేదు. ఉప్పూ నీళ్లూ రెండూ కలిపి బంగాళాఖాతం నిండా దేవుడే పోసిపెట్టాడు. ఇంత ఎర్తింగు కాళ్ల కింద పెట్టుకుని ఆకుపచ్చ వైరు కోసం బజారుకెళ్లేవాడు తెలివితక్కువవాడు కాక మరేంటి?

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఈ సంగతి కరెంటుకి తెలియదు.

కరెంటు భూమిలో ఇంకిపోదు, సముద్రంలో కలిసిపోదు. ఎక్కడ పుట్టిందో అక్కడికే తిరిగి రావాలి, అదే దాని యావ. ఒడ్డున మన ఇంటి కరెంటు వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి వస్తుంది. అక్కడ న్యూట్రలు నేలలోకి దింపి ఉంటుంది కనుక మన ఎర్తు వైరుకి తిరుగుదారి దొరుకుతుంది, ఫ్యూజు పోతుంది, మనిషి మిగులుతాడు. చేత్తో మోసుకెళ్లే 2 కేవీఏ జెనరేటరు సంగతి వేరు. అలాంటి చాలా జెనరేటర్లలో న్యూట్రలు దేనికీ కట్టి ఉండదు, ఊరికే వేలాడుతుంటుంది. దానికి బందరు సముద్రంతో ఏ చుట్టరికమూ లేదు. పైగా బోటు ఒళ్లు చెక్క, కాకపోతే ఫైబరు. ఆ రెండూ కరెంటును పోనివ్వవు. నీటిని తాకే లోహమంటూ ఉంటే ప్రొపెల్లరూ, షాఫ్టూ, చుక్కానీ. డెక్కు మీద తడిచేతులతో గ్రైండరు పట్టుకున్న కలాసీకీ, నీళ్లలో మునిగి ఉన్న ఆ ప్రొపెల్లరుకీ మధ్య వైరు వేసిందెవరు? ఎవరూ వెయ్యలేదు. సిద్ధాంతం వేసిందనుకున్నారు.

ఈ సిద్ధాంతానికి ఇన్నాళ్లూ పరువు నిలబెట్టింది కూడా ఆ వేలాడే న్యూట్రలే. లోపల ఎక్కడో ఇన్సులేషన్ చిరిగి ఫేజు జెనరేటరు ఒంటికి తగిలిందనుకోండి. మొదటిసారి ఏమీ కాదు. షాక్ కొట్టదు. ఎమ్‌సీబీ పడదు. తిరుగుదారి లేదు కనుక కరెంటు కూడా కిమ్మనకుండా కూర్చుంటుంది. "చూశారా, నిరుడు కట్టాం, ఏం కాలేదు" అని సరంగు గారు మీసం దువ్వుకునేది ఆ రోజుల్లోనే. కొన్నాళ్లకి రెండో లోపం ఇంకోచోట వస్తుంది, తడిసిన బల్బు హోల్డరులోనో, ఐసు దగ్గరున్న పంపు మోటారులోనో. అప్పుడు ఆ రెంటి మధ్య ఎవరు నిలబడి ఉంటే వాళ్లే వైరు.

ఎమ్‌సీబీ పెట్టించాం గదా అంటారు. పెట్టించారు, కాదనను. ఇంట్లో విప్పేసిన పాత 32 ఆంపియర్లది. 2 కేవీఏ జెనరేటరు ఒళ్లంతా కూడగట్టుకుని ఇచ్చేది 9 ఆంపియర్ల లోపు. ముప్పై రెండు దాటితే దూకుతానని కూర్చున్న స్విచ్చిని తొమ్మిది దాటని యంత్రానికి కాపలా పెట్టారు. దానికి సర్వీసు మొత్తంలో ఒక్కరోజైనా డ్యూటీ పడదు.

ఇక ఈ విద్యకు ఆయుధం ఒక వైరు. దాన్ని దగ్గరగా చూస్తే తప్ప మనవాళ్ల ధైర్యం అర్థం కాదు. రెండు కొసలకీ ప్లగ్గులే, రెండూ మగవే. ఒక కొస జెనరేటరు సాకెట్‌లోకి, రెండోది కేబిన్‌లో ఫ్యాను కోసం బిగించిన సాకెట్‌లోకి. సాకెట్‌లోంచి కరెంటు తీసుకోవాలని లోకమంతా అనుకుంటుంటే, సాకెట్‌లోకి కరెంటు ఎక్కించి బోటంతా వెలిగించడం మన ప్రత్యేకత. వైరు నడిమధ్య ఒక జాయింటు ఉంటుంది. దాని మీద నల్ల టేపు, టేపు మీద పాలిథిన్ కవరు, కవరు మీద నాలుగు చుట్లు వల దారం. ఉప్పుగాలికి టేపు జిగురు కారి చేతికి అంటుకుంటుంది. విప్పి చూస్తే రాగి పోగులు పచ్చగా పాసి పట్టి, గోరు తగిలితే రాలిపోయేలా ఉంటాయి. అయినా అసలు అందం అది కాదు. కేబిన్ వైపు కొస పీకినప్పుడు, జెనరేటరు ఇంకా తిరుగుతూనే ఉంటే, ఆ ప్లగ్గు పిన్నుల మీద 230 వోల్టులు ఆరుబయట నిలబడి ఉంటాయి. మనవాడు ఆ కొసను చంకలో ఇరికించుకుని రెండు చేతులతో సాకెట్ దుమ్ము దులుపుతుంటాడు.

రేవులో ఒడ్డు కరెంటు తీసుకునే బోట్లకి ఇంకో అవకాశం ఉంది. ఒడ్డు వైరు పీకకుండానే జెనరేటరు లాగొచ్చు. ట్రాన్స్‌ఫార్మరు పాపం పక్షపాతం లేనిది. 11 వేల వోల్టులను దించగలిగింది, కింది నుంచి ఇస్తే అదే దారిలో ఎక్కించనూ గలదు. "అంత ఊరి లోడు మీద పడితే జెనరేటరే చచ్చూరుకుంటుందండీ" అంటారు పెద్దలు. మామూలు రోజుల్లో నిజమే. తుఫాను రోజుల్లో తీగలు తెగి, లోడు ముక్కలై ఉంటుంది. అలాంటిచోట ఆ భరోసా లేదు. 2013 నవంబరులో హెలెన్ బందరు దగ్గరే తీరం దాటింది. 2025 అక్టోబరులో మొంథా నరసాపురం దగ్గర దాటింది. మనకి కరెంటు పోవడమూ, లైన్‌మన్ స్తంభం ఎక్కడమూ కొత్త కాదు. లైను చచ్చిందన్న నమ్మకంతో ఎక్కిన మనిషికి కింద ఏ ఇంట్లోంచో, ఏ బోటులోంచో జెనరేటరు శుభాకాంక్షలు పంపుతుంది. ఒకవేళ జెనరేటరు తిరుగుతుండగానే ఒడ్డు కరెంటు తిరిగొస్తే, రెండింటి లయ కలవక జెనరేటరు వైండింగు మాడిపోతుంది. అదైతే మాత్రం మనవాళ్లు వెంటనే గమనిస్తారు. దానికి డబ్బులు పెట్టారు మరి.

సముద్ర సిద్ధాంతాన్ని నదిలోకి తెచ్చినప్పుడు ఇంకా రక్తి కడుతుంది. ఉప్పునీరు మన ఒంటికంటే బాగా కరెంటు మోస్తుంది. అందుకని లీకైన కరెంటు చాలావరకు మనిషిని చుట్టి తన దారిన తాను పోతుంది. తీపినీరు అలా కాదు. అందులో మన ఒళ్లే ఉప్పన, మన ఒళ్లే మంచి దారి. ఒడ్డున కట్టిన బోటులోంచి కారిన కరెంటులో పది పదిహేను మిల్లీయాంపియర్లు ఒంట్లోంచి పోయినా చాలు, పక్కన ఈదుతున్నవాడి కండరాలు బిగుసుకుపోతాయి. గుండె ఆగనక్కర్లేదు, ఈత ఆగితే సరిపోతుంది. చూసినవాళ్లకి మునిగిపోయినట్టే కనిపిస్తుంది. అమెరికా మంచినీటి సరస్సుల్లో, బోట్ల రేవుల దగ్గర ఇలాంటి చావులు చాలాకాలం మామూలు మునకల కింద రాసేశారు. మన బందరు కాలువలో, ఊరి కోనేటి తెప్పోత్సవంలో ఉన్నది మంచినీరే. తెప్ప చుట్టూ సీరియల్ బల్బులు, తెప్ప మీద జెనరేటరు, గట్టు మెట్ల మీద మోకాలిలోతు నీళ్లలో భక్తులు. అక్కడ "నీళ్లలోనే ఉంది గదా" అన్నవాడు తన సిద్ధాంతంలో సగం నిజం చెప్పినట్టే.

వాన వచ్చినప్పుడు మనవాళ్ల జాలిగుండె బయటపడుతుంది. జెనరేటరు తడుస్తుందని దాన్ని కేబిన్‌లోకి తెచ్చి, గుమ్మానికి పట్టా కట్టి, దాని పక్కనే పడుకుంటారు. పొగ రాకుండా గొట్టం బయటికి పెట్టామంటారు. పొగ కనిపిస్తుంది, దగ్గిస్తుంది, లేపుతుంది. చంపేది పొగ కాదు. కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కుర్చీని అది రెండువందల రెట్లకు పైగా పట్టుదలతో ఆక్రమిస్తుంది. అమెరికాలో లేక్ పావెల్ అనే జలాశయంలో హౌస్‌బోట్లు తిరుగుతాయి. అవి మన పట్టా కట్టిన బోట్లు కావు, కంపెనీలు బిగించి ఇచ్చిన జెనరేటర్లున్న ఖరీదైనవి. 2000 ఆగస్టులో అక్కడ ఇద్దరు అన్నదమ్ములు, చిన్నపిల్లలు, ఆరుబయట నీళ్లలో ఈదుతూ చనిపోయారు. బోటు వెనకభాగం కింద జెనరేటరు గాలి పేరుకుని ఉంది. ప్రభుత్వ పరిశోధకులు కొలిచి చూసి బెంబేలెత్తారు. పైన ఆకాశం, చుట్టూ నీళ్లు ఉన్నచోటే అలా అయింది. మనం పట్టా బిగించి పడుకుంటున్నాం.

బ్యాటరీ చార్జింగు గురించి క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే అందులో ప్రమాదం కంటే హాస్యం పాలు ఎక్కువ. చిన్న జెనరేటరు మీద 12 వోల్టుల రంధ్రం ఒకటుంటుంది, సుమారు 8 ఆంపియర్లది. దాన్ని బోటులోని 150 ఏహెచ్ బ్యాటరీకి తగిలించి, నిండేదాకా పెట్రోలు పోస్తూ కూర్చుంటారు. ఖాళీ బ్యాటరీకి లెక్క ప్రకారమే 19 గంటలు. ఈలోపు కాలిన పెట్రోలు డబ్బుతో కొంత, మళ్లీ సారి కాలబోయే డబ్బుతో కొంత, మంచి చార్జరొకటి కొనేయొచ్చు. చార్జరైతే 230 వోల్టుల వైపు నుంచి తీసుకుని, బ్యాటరీకి తగ్గట్టు ఇస్తుంది. కాకపోతే అది ఆధునికం. మనది సంప్రదాయం.

రంగుల సంగతి మాత్రం నవ్వులాట కాదు. మన పాత ఇళ్ల వైరింగులో నలుపు న్యూట్రలు. బోటు బ్యాటరీ వైరింగులో నలుపు నెగెటివు. నలుపూ నలుపూ అక్కాచెల్లెళ్లే కదా అని రెండూ ఒకే బోల్టు కింద బిగించిన మహానుభావులున్నారు. ఆ బిగింపుతో బ్యాటరీ, ఇంజను బ్లాకు, డీజిలు ట్యాంకు పైపు, చుక్కాని చక్రం అన్నీ ఒకే కుటుంబమైపోతాయి. ఏదో ఒకచోట ఫేజూ న్యూట్రలూ తారుమారైతే, ఎప్పుడూ 12 వోల్టులే అనుకుని ఒట్టిచేత్తో ముట్టుకునే చోటల్లా 230 వచ్చి కూర్చుంటుంది.

పెట్రోలు గురించి కూడా ఒక మాట. మన మరబోట్లు డీజిలువి. డీజిలు ఆవిరికి నిప్పంటుకోవాలంటే బాగా వేడెక్కాలి. పెట్రోలు మామూలు గాలిలోనే సిద్ధంగా ఉంటుంది, దాని ఆవిరి గాలికంటే బరువు, నేరుగా బోటు అడుగుకి దిగి ఇంజను గదిలో కూర్చుంటుంది. పక్కనే వంట సిలిండరు, పక్కనే నైలాను వల. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో సుమారు 40 బోట్లు తగలబడ్డాయి. దానికి కారణం కరెంటు కాదు. పోలీసులు చెప్పినదాన్ని బట్టి వల మీద పడ్డ ఒక సిగరెట్టు. ఒక్క పీకకి అంత పని అయితే, తిరుగుతుండగానే జెనరేటరులో డబ్బాతో పెట్రోలు పోసే మనవాడు ఇంకా ఎంత చేయగలడో ఊహించుకోవచ్చు.

తప్పంతా కలాసీది, సరంగుది అని తేల్చేస్తే పైవాళ్లకి సుఖంగా ఉంటుంది. అందుకని తేల్చను. బోటుకి నంబరు వెయ్యించారు, రంగు వెయ్యించారు, కార్డులిచ్చారు, డీజిలు రాయితీకి కాగితాలు అడిగారు. 2024 ఆగస్టులో ఇంకో అడుగు వేసి, తీర రాష్ట్రాల్లో లక్ష బోట్లకి సుమారు 360 కోట్లతో ఇస్రో పరిజ్ఞానంతో చేసిన ట్రాన్స్‌పాండర్లు ఇస్తామని ప్రధాని చేతుల మీదుగా మొదలుపెట్టారు. తుఫాను కబురు ఉపగ్రహం మీదుగా నడిసముద్రంలో బోటుకి చేరుతుంది. గొప్ప పనే, వెక్కిరించడం లేదు. ఆ పెట్టెకి కరెంటిచ్చేది మాత్రం వల దారం చుట్టిన అలాంటి జాయింటే. ఆకాశం నుంచి బోటు దాకా ఇస్రో చూసుకుంటుంది. బ్యాటరీ నుంచి పెట్టె దాకా ఉన్న నాలుగు గజాలు చూసే శాఖ ఇంకా పుట్టలేదు.

"మా నాన్నగారి నాటి నుంచీ ఇంతేనండీ" అని చివరి అస్త్రం ఒకటి తీస్తారు. మీ నాన్నగారి నాడు బోటు మీద ఉన్నది పెట్రోమాక్సు లైటు బాబాయ్. అది షాకివ్వదు. ఇక "ఏం కాలేదు" అన్న సాక్ష్యం సంగతంటారా, ఏమైనా అయినవాళ్లెవరూ రేవు టీకొట్టు దగ్గరికొచ్చి మీ మాటకి అడ్డం చెప్పరు. 1977 నవంబరు 19న ఉప్పెన చూసిన దివిసీమలో నీళ్ల దగ్గర "ఏం కాదు" అనడానికి ఎవరికైనా నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు. వస్తోంది.

చెయ్యాల్సింది పెద్దదేమీ కాదు, ఖర్చు కూడా ఒక వల ముక్కంత ఉండదు. ఒడ్డు కరెంటూ జెనరేటరూ ఎప్పటికీ కలవకుండా మధ్యలో ఆఫ్ ఉన్న చేంజోవరు స్విచ్చి ఒకటి. జెనరేటరు దగ్గరే న్యూట్రలుని దాని ఒంటికి కలిపి, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి. అలా కలపకపోతే ఆర్‌సీసీబీ కూడా పాత ఎమ్‌సీబీలా బొమ్మే. ఒడ్డు కరెంటు మీద ఉన్నప్పుడు ఆ కలయిక చేంజోవరుతోపాటే విడిపోవాలి. జెనరేటరు యంత్రానికి తగ్గ ఎమ్‌సీబీ, తగరం పూత ఉన్న రాగి కేబులు, జాయింటు లేకుండా. జెనరేటరు డెక్కు మీద, గాలి కేబిన్ వైపు వీచని చోట. పెట్రోలు పోసేటప్పుడు ఆపి, చల్లారనిచ్చి. తెలిసిన కరెంటు మేస్త్రికి ఒక్కపూట పని.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. వడ్రంగి వస్తాడు, కలపాతు వేసేవాళ్లు వస్తారు, రంగు మేస్త్రి వచ్చి బోటు ముక్కు మీద కొత్త కళ్లు దిద్దుతాడు. గంగమ్మకి కోడి, ఇంజనుకి నిమ్మకాయలు, వీడియో తియ్యడానికి కుర్రాడు కూడా కుదురుతాడు. వడ్రంగి రంపం మిషనుకీ, రాత్రి డీజే బాక్సుకీ కరెంటు కావాలి గనుక, సప్లయి కొట్టు నుంచి జెనరేటరు అద్దెకి తెచ్చి, రెండు మగ ప్లగ్గుల వైరు గుచ్చి, బోటు బాగుచేయించడం మొదలుపెడతారు.