శాతాధికారి గారి సముఖమునకు ఒక అర్జీ

మహారాజశ్రీ శాతాధికారి గారి సముఖమునకు,

రాయపూర్ డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ పక్కన కాపురముంటున్న ఒక రిటైర్డు రైల్వే ఫిట్టరు నమస్కరించి చేసుకొను మనవి.

అయ్యా, ఈ పేరుతో ఏ ఆఫీసు గుమ్మానికీ బోర్డు వేలాడదు. జబ్బు మనిషిని చూసి ఇంత శాతం అని తేల్చేవారు ఒక గదిలో, ఆ శాతాన్ని చూసి ఇంత డబ్బు అని తేల్చేవారు ఇంకో గదిలో, ఆ డబ్బు ఎప్పటిదాకా అని తేల్చేవారు మరో ఊళ్లో ఉంటారు. వరసలో నిలబడ్డ మాకు మాత్రం అందరూ కలిసి ఒక్కరే. అందుకని తమరికి ఈ బిరుదు నేనే ఇచ్చుకున్నాను. పొరపాటైతే సంబంధిత గదికి పంపించగలరు. పంపించడం తమకు అలవాటే.

విషయం: మా కోడలి రక్తం.

మా నాన్నగారు బొబ్బిలి నుంచి వ్యాగన్ల మరమ్మతు షాపులో పనికని ఇక్కడికి వచ్చారు. నేనూ అందులోనే చేరి అందులోనే దిగాను. మావాడు ఈ ఊరి పిల్లను ఇష్టపడి చేసుకున్నాడు. మా ఇంట్లో ఒకే పూట మా ఆవకాయా, ఈ ఊరి వంటకం ఫరా ఒకే కంచంలో పడతాయి, ఎవరికీ అరగకపోలేదు. ఆ అమ్మాయి నన్ను బాబూజీ అంటుంది. ఆమెకు పుట్టుకతోనే సికిల్ సెల్. ఈ ఊళ్లో అందరూ దాన్ని సిక్లింగ్ అంటారు, జలుబు అన్నంత మామూలుగా. ఈ ఒక్క జబ్బు కోసమే రాయపూర్‌లో సర్కారు వారి సంస్థ ఒకటి ఉందంటే ఇక్కడ అదెంత ఇంటి చుట్టమో తమరే ఊహించవచ్చు.

మామూలు మనిషి ఎర్రకణం గుండ్రంగా ఉండి ఇంచుమించు 120 రోజులు బతుకుతుంది. ఈమెది కొడవలిలా వంగిపోయి 10, 20 రోజుల్లోనే ముగిసిపోతుంది. ఆ వంగినవి సన్నటి నాళాల్లో అడ్డం పడితే అవతలికి రక్తం అందదు. అప్పుడు వచ్చే నొప్పిని నేను రాయలేను, చూశానంతే. తల్లికీ తండ్రికీ చెరొక లోపపు జన్యువు ఉంటే ప్రతి కానుపులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, జబ్బు లేకుండా జన్యువును మోసే అవకాశం 50 శాతం, ఏదీ అంటకుండా తప్పించుకునే అవకాశం 25 శాతం. తమరి కుర్చీ వేయక ముందు నుంచే ప్రకృతి శాతాలు పంచుతోంది. కాకపోతే అది ఒకసారి తేల్చి ఊరుకుంది, గడువు అయిపోయిందని మళ్లీ రమ్మనలేదు.

తమరు మాత్రం రమ్మంటారు.

చట్టం మంచిదే, ఆ మాట దాచను. 1995 నాటి చట్టంలో వైకల్యాలు ఏడే. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైన చట్టం వాటిని 21 చేసింది. హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ అప్పుడే లోపలికి వచ్చాయి. కాలూ చెయ్యీ కన్నూ చెవీ సరిగ్గానే ఉండి, రక్తం ఒక్కటే మొరాయించే మనుషులు కూడా ఉంటారని దేశం ఒప్పుకుంది. ఒప్పుకున్నాక దాన్ని కొలవాలి కదా. 2018 జనవరిలో ఒకసారి, 2024 మార్చిలో మరోసారి కొలతల మార్గదర్శకాలు గెజిట్‌లో అచ్చు వేశారు. ఇక్కడే మా అమ్మాయి చిక్కుకుంది.

నేను ఫిట్టరుని. వ్యాగను షాపులోకి వస్తే చక్రం అంచు ఎంత అరిగిందో గేజీ పెట్టి చూసేవాళ్లం. సోమవారం చూసినా శుక్రవారం చూసినా అరుగుదల అరుగుదలే. ఎండ కాసిందని పెరగదు, నీళ్లు తాగిందని తగ్గదు. మా కోడలి జబ్బు చక్రం లాంటిది కాదు. మే నెలాఖరున ఇక్కడ నౌతపా అని తొమ్మిది రోజులు ఆకాశం నుంచి నిప్పులు పడతాయి, ఒంట్లో నీరు కాస్త తగ్గిందంటే కణాలు ముడుచుకుంటాయి. డిసెంబరు చలికీ ముడుచుకుంటాయి. జ్వరం వచ్చినా, మెట్లెక్కి అలిసిపోయినా, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానూ. ఆ రాత్రి ఆమెను ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్తాం. సెలైను, సూదిమందు, కొన్నిసార్లు రక్తం. తిరిగి వచ్చిన వారానికి చూస్తే గుమ్మంలో ముగ్గు వేస్తూ ఉంటుంది.

ఇప్పుడు తమరు ఇచ్చే తేదీ సంగతి. నొప్పి ఉన్న రోజున ఆమె మెడికల్ బోర్డుకు రాలేదు. బోర్డుకు వచ్చే రోజున నొప్పి ఉండదు. ఆ రెండింటినీ ఒక చోట కలపగల పురోహితుడు నాకింతవరకూ దొరకలేదు.

ఒక బోర్డు ముందు ఆమెను కూర్చోబెట్టాం. ఎక్కడని అడక్కండి, డాక్టరుగారు మంచివారే. ఇప్పుడు నొప్పి ఉందా అన్నారు. ఇప్పుడు లేదు సార్ అంది. నడువమ్మా అన్నారు. నడిచింది. పైగా ఆ పూట తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది. సర్కారీ ఆఫీసుకు మాసిన బట్టలతో వెళ్తే ఏం బాగుంటుందని మా ఆవిడే దగ్గరుండి కుచ్చిళ్లు సర్దింది. ఆ కుచ్చిళ్లకు ఒక అయిదు శాతమైనా తెగి ఉంటుందని నా అనుమానం. ముందే తెలిస్తే జుట్టు విరబోసి పంపేవాళ్లం.

తమరి సర్టిఫికెట్ నమూనాలో ఒక వాక్యం ఉంది. ఈ స్థితి ముదిరేదా, ముదరనిదా, మెరుగయ్యే వీలున్నదా, వీలు లేనిదా అని నాలుగు మాటలు వరసగా పెట్టి ఒకటి తేల్చమంటుంది. దాని కిందే, మళ్లీ కొలవాలా అక్కర్లేదా, కొలవాలంటే ఎన్నేళ్లకు అని ఖాళీలు. అయ్యా, మా అమ్మాయి ఒక్క ఏడాదిలో ఆ నాలుగింటిలోనూ కాపురం చేసి వస్తుంది. వానాకాలంలో మెరుగు. నౌతపాలో ముదురు. హైడ్రాక్సీయూరియా మాత్ర సరిగ్గా పడితే కొన్ని నెలలు ముదరనిది. తుంటి ఎముకకు రక్తం అందక అరిగిపోవడం మొదలైతే అది మళ్లీ వేరే కథ. రేపు ఎలా ఉంటుందో చెప్పలేకపోవడమే ఈ జబ్బులో శాశ్వతంగా ఉండే సంగతి. దానికి తమరి కాగితంలో గడి లేదు.

గడి లేనప్పుడు తమరు గడువు పెడతారు. మార్పు వచ్చే అవకాశం ఉంటే సర్టిఫికెట్ ఎంతకాలం చెల్లుతుందో రాయాలని 2017 నియమాల్లో ఉందిగా. ఒకప్పుడు సికిల్ సెల్ సర్టిఫికెట్‌కు ఏడాదే ఆయుష్షు. తరవాత దయ తలచి మూడేళ్లు చేశారు. విన్నప్పుడు సంతోషించాను, ఆ తరవాత కూర్చుని ఆలోచిస్తే నవ్వొచ్చింది. పుట్టకముందే జన్యువులో రాసిపెట్టి వచ్చిన జబ్బు, మూడేళ్లు నిండగానే సామాను సర్దుకుని వెళ్లిపోయి ఉంటుందని ఏ వైద్యుడు అనుకుంటాడు? ఎముక మూలుగ మార్పిడి చేయించుకున్నవాళ్లను వదిలేయండి, అంత డబ్బున్న ఇంట్లోంచి ఎవరూ తమకు అర్జీ రాయరు.

కాగితం ఇవ్వడానికి పట్టే కాలం సంగతీ చెప్పాలి. దరఖాస్తు అందిన నెలలోగా ఇవ్వాలని మొదట్లో ఉండేది. 2024 అక్టోబరులో దాన్ని మూడు నెలలు చేశారు. మూడు నెలల్లో ఈమె ఎర్రకణాలు నాలుగు తరాలైనా మారిపోతాయి. దరఖాస్తు పెట్టిన రక్తం వేరు, సర్టిఫికెట్ పుచ్చుకునే రక్తం వేరు. అదే సవరణలో దివ్యాంగుల కార్డుల రంగులూ వచ్చాయి: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన అయితే నీలం. మా బొబ్బిలి వైపు తెల్లకార్డంటే ఇంటికి బియ్యం తెచ్చే కార్డు, దాని కోసం జనం కొట్టుకుంటారు. ఇక్కడ తెల్లకార్డు చేతిలో పెడితే, నీకు జబ్బుంది గానీ చాలినంత లేదని అర్థం. మా ఆవిడ మొదట తెల్లకార్డు అని వినగానే దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టబోయింది.

చాలినంత అంటే ఎంత? రాయితీల గుమ్మం 40 దగ్గర తెరుచుకుంటుంది. ఇందిరాగాంధీ పేరు మీద 2009లో మొదలైన కేంద్ర పింఛనుకు 80 ఉండాలి, దారిద్ర్యరేఖకు దిగువనా ఉండాలి. అన్నీ కుదిరాక కేంద్రం ఇచ్చేది నెలకు 300 రూపాయలు. ఛత్తీస్‌గఢ్‌లో సామాజిక భద్రతా పింఛను 350 ఉండేది, 2023 బడ్జెట్‌లో 500 చేశారు. మా ఇంటి నుంచి ఆస్పత్రికి రానూపోనూ ఆటోవాడు ఎంత అడుగుతాడో నేను రాయను, తమరు ఆటోలో వెళ్లి చాలా కాలమై ఉంటుంది.

పోనీ మా సొంత రాష్ట్రం ఆంధ్రా సంగతి చూడండి. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్‌లో బయల్దేరి రాయపూర్ మీదుగా విశాఖపట్నం వెళ్లే వందేభారత్ నడుస్తోంది. పొద్దున్న ఎక్కి టిట్లాగఢ్, రాయగడ దాటి పార్వతీపురంలో దిగితే, అక్కడి ఏజెన్సీలోనూ ఇదే జబ్బు, ఇదే కొడవలి. మలేరియా అడవుల్లో తరతరాలు బతకడానికి రక్తం చేసుకున్న పాత ఏర్పాటు కదా, అడవి ఎంతవరకూ ఉంటే అంతవరకూ ఉంటుంది, రాష్ట్రం గీత చూసుకోదు. ఆ పార్వతీపురంలో సికిల్ సెల్ ఉన్న మనిషికి 2020 జనవరి నుంచి పింఛను నెలకు 10,000. రక్తం అదే, రైలు అదే. మధ్యలో ధర మాత్రం ఇరవై రెట్లయింది. అలాగని ఆంధ్రాలో అంతా నిశ్చింత అని కాదు. 2025లో అక్కడ పింఛను తీసుకుంటున్న దివ్యాంగులను మళ్లీ పిలిచి కొలిచారు. శాతం దిగిపోయిందని ఎందరికో నోటీసులు వెళ్లాయి, గోల లేచాక సర్కారు తగ్గింది. వైకల్యం కొలిచే సదరం క్యాంపు అనే మాట వింటే అక్కడి మా బంధువుల గుండె ఇప్పటికీ ఒకసారి ఆగి కొట్టుకుంటుంది.

తమరొక్కరే ఇలా అని నేననడం లేదు. అమెరికా సోషల్ సెక్యూరిటీ వారి నిబంధనల్లో సికిల్ సెల్‌కు ఉన్న దారుల్లో ఒకటి ఇది: సూది ద్వారా నార్కోటిక్ మందు ఎక్కించాల్సినంత నొప్పి 12 నెలల్లో కనీసం 6 సార్లు రావాలి, ఒకసారికీ ఇంకోసారికీ కనీసం 30 రోజుల ఎడం ఉండాలి. అంటే నొప్పి కూడా జీతగాడిలా నెలకోసారి వచ్చి సంతకం పెట్టి వెళ్లాలి. ఇరవై తొమ్మిదో రోజున వచ్చిందా, రోగి అరిచిన అరుపు అరుపే గాని లెక్కలోకి రాదు. బ్రిటన్‌లో ఇంకో పద్ధతి, ఇబ్బంది సగానికి మించిన రోజుల్లో ఉండాలంటారు. ఇవి చదివి నేను చాలాసేపు నవ్వాను. కానీ ఒక మెచ్చుకోలు చెప్పక తప్పదు. ఆ పెద్దమనుషులు ఎంత పిసినారులైనా ఏడాది పొడుగునా చూస్తారు. ఒక మంగళవారం పొద్దున్న పదకొండు గంటలకు ఎలా ఉన్నావని మాత్రమే అడగరు.

ఉద్యోగం సంగతీ తమరి చెవిన వేస్తాను. పండ్రి బట్టల మార్కెట్లో ఒక చీరల కొట్టులో ఈమె లెక్కలు రాసేది. చెప్పకుండా వచ్చే సెలవులు ఏ సేటూ భరించలేడు, ఇంకొకరిని పెట్టుకున్నాడు. సరే, సర్కారు కొలువులో దివ్యాంగులకు 4 శాతం ఉందిగా అని చట్టం తెరిచాం. 34వ సెక్షనులో చూపు, వినికిడి, కాళ్లూ చేతులూ, మనసు, బుద్ధి అన్నీ ఉన్నాయి. రక్తం లేదు. పై చదువుల సీట్లలో 5 శాతం వాటాకు వచ్చే వైకల్యం, కొలువు దగ్గరకు వచ్చేసరికి వైకల్యం కాకుండా పోయింది. చదువుకోమ్మా, చదివి ఇంట్లో కూర్చో అన్నమాట. ఇది రాసిన కలానికి సిరా అక్కడితో అయిపోయి ఉండాలి.

2023 జూలై 1న పక్క రాష్ట్రం షహడోల్‌లో ప్రధానమంత్రి గారు జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించారు. 7 కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047 నాటికి జబ్బును లేకుండా చేస్తారట. పెళ్లికి ముందు జాతకాలతో పాటు సికిల్ కార్డులూ చూసుకోమంటున్నారు. మంచి మాటే, పుట్టబోయే వాళ్లకు. పుట్టేసిన వాళ్లు అప్పటిదాకా ఏం చేయాలో ఆ సభలో చెప్పినట్టు లేదు. 2047 వరకూ ఉంటుందని సర్కారే ఒప్పుకున్న జబ్బుకు మా అమ్మాయి మూడేళ్లకోసారి రుజువు ఎందుకు తేవాలి?

కావున తమరికి నా విన్నపాలు. కొలిచే రోజున మనిషిని మాత్రమే చూడకుండా, వెనకటి ఏడాది ఆస్పత్రి కాగితాలు కూడా పక్కన పెట్టుకుని చూడగలరు. రక్తపరీక్షలో ఒకసారి తేలిన జబ్బును ఉందా లేదా అని మళ్లీ అడగవద్దు. పెరిగిందా అని అడగదలిస్తే మేమే వస్తాం. కార్డు గడువు తీరి కొత్తది ఇంకా రాని నెలల్లో డబ్బు ఆపవద్దు, ఆలస్యం తమ బల్ల మీద జరిగింది గాని ఆమె ఒంట్లో కాదు. 34వ సెక్షనులో రక్తం అనే మాట ఇరికించడానికి ఢిల్లీలో ఎవరైనా తెలిసినవాళ్లుంటే చెప్పగలరు. ఇవేవీ కుదరవంటే, బోర్డును నౌతపా రోజుల్లో, రాత్రి రెండు గంటలకు, మా వీధి చివర ఆటో స్టాండు దగ్గర కూర్చోబెట్టించగలరు. మేము అటే వెళ్తాం.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక కోడలి మామగారు

తా.క. పంపే ముందు ఈ అర్జీని హిందీలో చెప్పి కోడలికి వినిపించాను. అంతా విని, "బాబూజీ, ఇంత రాశారు గానీ నాకు డబ్బు కావాలని ఎక్కడా రాయలేదు" అంది. దయ కాదు హక్కు అని ఒక పేరా రాసి ఉంచాను, అది తీయించేసింది. దాని బదులు నెలనెలా పింఛను కావాలి అని ఇక్కడ రాయమంది. రాశాను. బ్యాంకు అకౌంటు నంబరు దరఖాస్తు రెండో పేజీలో ఉంది, ఆధార్‌కు లింకు కూడా అయింది.