పార్సర్ వెతికే పెద్దమనిషి

పార్సర్ జనరేటర్‌ను ఎంచుకునే పెద్దమనిషి ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ఒకరుంటారు. ఇద్దరుంటే ఆ ప్రాజెక్టు మీద ఆశ వదులుకోవచ్చు. ఒక భాషకు వ్యాకరణం రాసిస్తే, ఆ భాషను చదివి అర్థం చేసుకునే ప్రోగ్రామును తయారుచేసిపెట్టే పనిముట్టు పార్సర్ జనరేటర్. మాదాపూర్‌లో ఉండే రకానికి సాధారణంగా అప్పగించే పని చిన్నదే: బిల్లు 2000 దాటితే ఎంత తగ్గించాలి వంటి దుకాణం లెక్కలను చదివించడం. వ్యాకరణం మొత్తం ఏడు నియమాలు. ఈయన తయారుచేసే ఎక్సెల్ పట్టికలో మాత్రం పంతొమ్మిది వరుసలుంటాయి.

ఈయన ఉపన్యాసం 1970లనాటి బెల్ ల్యాబ్స్‌తో మొదలవుతుంది. అక్కడ స్టీఫెన్ జాన్సన్ యాక్ అనే పార్సర్ జనరేటర్ రాశాడు. ఆ పేరు విప్పితే 'ఇదిగో ఇంకో కంపైలర్ కంపైలర్' అని వస్తుంది. అంటే ఇలాంటివి అప్పటికే ఎక్కువయ్యాయని కన్నవాడే ఒప్పుకున్నాడు. ఈ మాట చెప్పి ఈయన హాయిగా నవ్వి, ఇంకో అయిదు పేర్లు చెబుతారు.

యాక్ బాటలో వచ్చిన గ్నూ వారి బైసన్, 'ఇఫ్' లోపల ఇంకో 'ఇఫ్' ఉండి చివర ఒకే 'ఎల్స్' వస్తే, అది ఎవరిదో తేలక షిఫ్ట్-రెడ్యూస్ కాన్‌ఫ్లిక్ట్ అని మొత్తుకుంటుంది. మొత్తుకుంటూనే దాన్ని దగ్గరి 'ఇఫ్'కు కట్టబెట్టి పని కానిచ్చేస్తుంది. అనుమానం తీరకుండానే పని ముందుకు సాగడం ఈయనకు ససేమిరా గిట్టదు. టెరెన్స్ పార్ తయారుచేసిన యాంట్లర్ మంచిదే కానీ, అది పుట్టించిన పార్సర్ వెంట రన్‌టైమ్ లైబ్రరీ కూడా రావాలి. అల్లుణ్ని పిలిస్తే వియ్యాలవారంతా దిగినట్టుందని ఆక్షేపణ. పెగ్ అనే ఇంకో పార్సింగ్ పద్ధతికి పైథాన్ భాషే మారింది కదండీ అంటే, "వాళ్లూ 3.9 దాకా ఆగారుగా!" అంటారు.

జనరేటర్ లేకుండా పార్సర్‌ను చేత్తో రాసేద్దామన్న మాట వినిపిస్తే మొహం మాడుతుంది. జీసీసీ కంపైలర్ తన సీ++ పార్సర్‌ను 2004లో చేతిరాతకు మార్చుకుంది. గో భాష కంపైలర్ 2016లో యాక్‌ను వదిలేసింది. రెండూ ఈయనకు తెలుసు. అడగందే చెప్పరు.

ఈ వెతుకులాట మూడో నెలలో ఉండగా, కొత్తగా చేరిన అమ్మాయి ఎవరో శని, ఆదివారాలు కూర్చుని చేత్తోనే రాసేస్తుంది. అంతా బాగుంటుంది, 1000లోంచి 400, మళ్లీ 300 తీసేస్తే 900 రావడం తప్ప. విడుదల ముందు రాత్రి పదకొండింటికి అందరూ తల పట్టుకున్నప్పుడు పెద్దమనిషి వెనక నిలబడి ఒక్క చూపు చూస్తారు. "తీసివేత కుడివైపు నుంచి కడుతోందమ్మా. ఆ రికర్షన్ తీసి లూపు పెట్టు." 300 వస్తుంది. అందరికీ ఇడ్లీలు కూడా ఈయనే తెప్పిస్తారు. ఇలాంటి రాత్రుల వల్లే ఈయన మీద ఎవరూ పైకి ఫిర్యాదు చేయరు. మర్నాడు పట్టికలో ఇరవయ్యో వరుస చేరుతుంది.

ఈ వ్యాసం ఏ ఎడిటర్‌లో టైపు చేయాలో తేల్చుకోవడానికి రాసినవారికి తొమ్మిది రోజులు పట్టింది. రాయడానికి ఒక సాయంత్రం.