పాత ఖాతాలు: పుట్టుక, మనుగడ, నిర్మూలన

పాత ఖాతా అంటే తెరిచినవాడు మరిచిపోయినది, తెరిపించినవాడు మరిచిపోనిది. చెన్నై–కోల్‌కతా, హైదరాబాద్–మచిలీపట్నం జాతీయ రహదారులు కలిసే విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఇవి పుట్టినన్ని ఇంకెక్కడా పుట్టలేదనడానికి లెక్కలు లేవు గానీ, అనుమానించడానికి కావలసినంత ఆధారం ఉంది.

తొలి తరం ఖాతాలు నెట్ సెంటర్లలో పుట్టాయి. ఎంసెట్ కౌన్సెలింగ్‌కి ఈమెయిల్ కావాలనగానే సెంటర్ అన్న చిటికెలో ఒకటి తెరిచేవాడు. పాస్‌వర్డూ తనే పెట్టి, చిత్తుకాగితం మీద రాసిచ్చేవాడు. పని సులువు కోసం వచ్చినవాళ్లందరికీ అదే పాస్‌వర్డు. కౌన్సెలింగ్‌కి వచ్చిన కుర్రాడు ఈపాటికి డాలస్‌లో ఇల్లు కొనుక్కుని ఉంటాడు. చిత్తుకాగితం ఏనాడో పోయింది, ఖాతా పోలేదు. రెండో తరం మాల్స్ గుమ్మాల్లో పుట్టింది. రిబ్బను కట్టిన కారు, పక్కన డబ్బా, పేరూ పుట్టినరోజూ పెళ్లిరోజూ నెల జీతమూ రాయాల్సిన కూపన్. భార్యకు కూడా చెప్పని జీతం జనం ఆ డబ్బాకి చెబుతారు. కారు ఎవరికొచ్చిందో పటమటలో ఎవరికీ తెలియదు. నంబరు ఎవరికి చేరిందో మాత్రం ప్లాట్లు అమ్మేవాళ్ల ఫోన్లు మొదలవగానే తెలిసిపోతుంది.

కొన్ని ఖాతాలకు సహజ మరణం ప్రాప్తించింది. 2004లో వచ్చిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న, యాహూ మెసెంజర్ 2018 జులై 17న, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న మూతపడ్డాయి. చెప్పి మరీ పోయినందుకు వాటిని మర్యాదస్తులుగా లెక్కించాలి. మిగతావి దొంగల చేతిలో పడినప్పుడే వార్తల్లోకొస్తాయి. 2013లో యాహూలో జరిగిన చోరీలో 300 కోట్ల ఖాతాల వివరాలు పోయాయి, అంటే అప్పటికి ఆ సంస్థలో ఉన్న ఖాతాలన్నీ. అన్నీ పోయాయన్న సంగతిని సంస్థ ఒప్పుకున్నది 2017లో. 2020లో బిగ్‌బాస్కెట్ నుంచి సుమారు 2 కోట్ల మంది వివరాలు పోయాయి. 2021లో డామినోస్ నుంచి 18 కోట్ల ఆర్డర్ల వివరాలు బయటికొచ్చినప్పుడు, ఫోన్ నంబరు కొడితే తిన్న పిజ్జాల చరిత్ర చూపించే పేజీని కూడా దొంగలే తయారుచేసి పెట్టారు. ఖాతాదారు అడిగిన వివరం అంత త్వరగా ఇచ్చే కస్టమర్ కేర్ ఇంతవరకూ పుట్టలేదు.

ఈ విషయంలో ప్రభుత్వం ప్రైవేటు రంగానికేమీ తీసిపోలేదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులమతాలతో సహా, ఎవరు వెతికినా కనిపించేలా ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. 2023లో సైబరాబాద్ పోలీసులు ఒక వ్యక్తిని పట్టుకుంటే అతని దగ్గర 66.9 కోట్ల వ్యక్తుల, సంస్థల సమాచారం దొరికింది. దేశ జనాభాలో దాదాపు సగం. జనగణనకు లక్షలాది సిబ్బంది ఎందుకు కావాలో ఇక్కడే కొంత సందేహం వస్తుంది.

విజయవాడకు ఈ రంగంలో సొంత రికార్డు ఉంది. 2023 ఆగస్టులో ఒకే ఫొటోతో నగరంలో 658 సిమ్‌లు తీసుకున్న వైనం బయటపడింది. నిబంధన ప్రకారం ఒకరికి తొమ్మిది. అంటే ఓ 649 మాత్రం ఎక్కువయ్యాయి. తన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకునే ప్రభుత్వ సదుపాయం 2021లో మొదట ఆంధ్ర, తెలంగాణలకే వచ్చింది. ఇప్పుడది సంచార్ సాథీలో భాగం. తనవి కాని సిమ్‌ల గురించి అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. వదిలేసిన సొంత నంబరుతోనూ ప్రమాదమే. రద్దయిన నంబరును 90 రోజులు పక్కన పెట్టి, ఆ తరువాత కంపెనీలు ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు బందరు ఆసామీ పాత ఖాతాల ఓటీపీలు గుడివాడలో ఎవరి ఫోన్‌లోనో మోగుతాయి. నంబరు మార్చేవాళ్లు ముందు ఖాతాల్లో మార్చి, తరువాత సిమ్ వదలాలి.

మరిచిపోయిన ఖాతాలను వెతకడానికి గూఢచారులు అక్కర్లేదు. పాత ఈమెయిల్లో ‘వెల్‌కమ్’, ‘వెరిఫై’, ‘పాస్‌వర్డ్’ అని వెతికితే పెళ్లి కాకముందు తెరిచిన మ్యాట్రిమొనీ ఖాతాతో సహా వరసగా లేస్తాయి. పిల్లల ముందు ఈ పని చేయకపోవడం మంచిది. బ్రౌజర్ దాచుకున్న పాస్‌వర్డుల జాబితా, గూగుల్ ఖాతాతో లాగిన్ అయిన యాప్‌ల జాబితా కూడా చూడాలి. ఏ చోరీలో తన ఈమెయిల్ పోయిందో తెలుసుకోవడానికి ఆస్ట్రేలియాకు చెందిన ట్రాయ్ హంట్ 2013లో పెట్టిన ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ ఉంది.

నిర్మూలన దగ్గరే అసలు చిక్కు. యాప్ తీసేస్తే ఖాతా పోయినట్టేనని కృష్ణా డెల్టా అంతటా గట్టి నమ్మకం. పోదు. డీయాక్టివేట్ చేసినా పోదు, అది సెలవు చీటీ మాత్రమే. ఫేస్‌బుక్‌లో డిలీట్ నొక్కాక 30 రోజుల్లోపు మనసు మార్చుకోవచ్చు. ఆ తరువాత కూడా సమాచారం పూర్తిగా చెరిగిపోవడానికి 90 రోజుల దాకా పట్టవచ్చు. ఖాతాలు తెరిపించే యాప్‌లు మూసే దారి కూడా యాప్‌లోనే చూపాలని 2022 జూన్ 30 నుంచి ఆపిల్, ఆ తరువాత గూగుల్ షరతు పెట్టాయి. దారి చూపమన్నారు గానీ దగ్గరి దారి అనలేదు కనుక, అది సెట్టింగ్స్‌లో నాలుగు మలుపులు తిరిగాక ఉంటుంది. కొన్నిచోట్ల తెరవడానికి పేరు చాలు, మూయడానికి ఆధార్ కాపీ పంపాలి. గోప్యత కాపాడుకోవడానికి వచ్చినవాడి దగ్గర ఇంకేం మిగలకుండా చూసుకునే ఏర్పాటిది. మూసేముందు కార్డు, చిరునామా తీసేయాలి, ఆటోపే ఆపాలి. ఈమెయిల్ ఖాతాను మాత్రం అన్నిటికంటే చివర మూయాలి, మిగతావాటి తాళాలన్నీ దానికే వస్తాయి కనుక. రెండేళ్లు ముట్టని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తనే తీసేస్తోంది.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది. వ్యక్తిగత డేటా చట్టం 2023లో, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల ముఖ్య బాధ్యతలు ఆపై 18 నెలలకు, 2027 మేలో అమల్లోకొస్తాయి. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలన్నది ఈ చట్టంలోని అత్యంత కాల్పనికమైన వాక్యం. అప్పటి నుంచి, కనీసం 2 కోట్ల ఖాతాదారులున్న ఆన్‌లైన్ అమ్మకాల, సోషల్ మీడియా సంస్థలు మూడేళ్లు కనిపించనివాళ్ల సమాచారం చెరిపేయాలి. ఖాతాలోకి తిరిగి రావడానికి కావలసినది మాత్రం ఉంచుకోవచ్చు.

బందరు రోడ్డు చీరల షాపుకి 2 కోట్ల ఖాతాదారులు లేరు కనుక ఆ గడువు దానికి పట్టదు. అక్కడ బిల్లు కొట్టే అమ్మాయి "ఫోన్ నంబర్ చెప్పండి సార్" అన్నప్పుడే ఆగాలి. నంబరు ఇస్తేనే బిల్లు అనడం అనుచిత వ్యాపార పద్ధతని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే చెప్పింది. నంబరు లేకుండా కూడా బిల్లు వస్తుంది.