గేటు దగ్గర ఇరవై డాలర్లు, మిగతాది లోపల

డిజిటల్ కార్డుల ఆట ఏదైనా రాబోతోందంటే నియమాల కన్నా ముందు ఒక ప్రతిజ్ఞ వస్తుంది: మా ఆటలో డబ్బున్నవాడు గెలవడు, బుర్ర ఉన్నవాడు గెలుస్తాడు. ఆ వెనకే, కాస్త గొంతు తగ్గించి, ధరల పట్టిక. ఈ ప్రతిజ్ఞను అందరికన్నా గంభీరంగా చేసిన ఘనత అమెరికాలోని వాల్వ్ కంపెనీది. ఆట పేరు ఆర్టిఫ్యాక్ట్. 2017 ఆగస్టులో సియాటెల్‌లో డోటా 2 అనే వీడియో గేమ్ ప్రపంచ పోటీలు చూడ్డానికొచ్చిన జనం ముందు ఆ పేరు తెర మీద వేశారు. అది కార్డుల ఆట అని తెలిసేసరికి స్టేడియం అంతా ఉసూరుమంది. వాళ్ల జేబులకు ముందే కబురందినట్టుంది.

2018 మార్చిలో కంపెనీ అధిపతి గేబ్ న్యూవెల్ విలేకరులను కూర్చోబెట్టి తత్వం బోధించాడు. ఖాతా ఉచితమైనా, ఆడే సమయం ఉచితమైనా, కార్డులు ఉచితమైనా చివరికి అన్నిటి విలువా పడిపోతుందట. అంటే 2014 నుంచీ హార్త్‌స్టోన్ అనే ఉచిత కార్డుల ఆట మనల్ని టికెట్ లేకుండా లోపలికి రానిచ్చి ఇంతకాలం అవమానిస్తూ వచ్చిందన్నమాట, మనకే తెలియలేదు. ఆ అవమానం తుడిచేయడానికి 2018 నవంబరు 28న వాల్వ్ గేటు దగ్గరే 20 డాలర్లు పుచ్చుకుంది.

అందుకు బదులు రెండు ప్రారంభ డెక్కులు, పది ప్యాకెట్లు, అయిదు టికెట్లు. అప్పట్లో ఇంకా కార్డులు కావాలంటే? ఒక్కోటి 2 డాలర్లు పెట్టి పన్నెండు కార్డుల ప్యాకెట్ కొనొచ్చు. కంపెనీ వాళ్ల మార్కెట్లో విడిగా కొనొచ్చు. లేదా టికెట్ పెట్టి పందెంలో దిగొచ్చు: మూడు ఆటలు గెలిస్తే పెట్టిన టికెట్ తిరిగొస్తుంది, ఆ పైన గెలిస్తే ప్యాకెట్లు, ఈలోగా రెండు ఓడితే ఇంటికి. ఊరికే ఆడుతూ కార్డులు కూడబెట్టుకునే దారి మాత్రం విడుదలనాడు లేదు. అదేమని అడిగితే సమర్థకులు జవాబు సిద్ధంగా ఉంచుకున్నారు. రోజూ ఆడి ఆడి కార్డు సంపాదించుకోవడం వెట్టిచాకిరీ, ఆ చాకిరీ నుంచి మీకు విముక్తి. ఆట కొన్నవాణ్ని ఆడటం అనే బాధ నుంచి తప్పించిన కంపెనీ చరిత్రలో ఇంకోటి ఉందో లేదో!

విడుదలకు ముందు, పరీక్షార్థం ఆడినవాళ్లు ఈ వసూళ్లు చూసి గోల పెట్టారు. కంపెనీ కరిగింది. మీ దగ్గర ఎక్కువైపోయిన కార్డులు ఇరవై ఇవ్వండి, ఒక టికెట్ ఇస్తాం అంది. పాత సామాన్లవాడు కూడా ఇంతకన్నా నయంగా తూకం వేస్తాడు, పోనివ్వండి.

అసలు సరుకంతా మార్కెట్లో ఉంది. కాగితం కార్డుల్లాగే ఇవీ మీ సొంతం, మీ ఇష్టమొచ్చినట్టు అమ్ముకోవచ్చు అన్నారు. 1993లో కాగితం కార్డుల ఆట మ్యాజిక్: ది గ్యాదరింగ్‌ను తయారుచేసిన రిచర్డ్ గార్ఫీల్డే దీన్నీ రూపొందించాడు గనక ఆ మాట నమ్మాలనిపిస్తుంది. కానీ కాగితం కార్డును తమ్ముడికి ఇచ్చేయొచ్చు, స్నేహితుడితో మార్చుకోవచ్చు, కోపమొస్తే చింపి పారేయొచ్చు. ఇక్కడ కార్డును ఇంకొకడి చేతిలో పెట్టే వీలే లేదు. అమ్మాలి. అది కూడా వాళ్ల బజార్లోనే. అమ్మిన ప్రతిసారీ పదిహేను శాతం వాళ్లది: కొన్నవాడు 115 ఇస్తే అమ్మినవాడి చేతికి 100 వస్తుంది. అతి చవక కార్డు ధర 3 సెంట్లు. అందులో అమ్మినవాడికి 1 సెంటు, బజారు వారికి 2. మన వారపు సంతలో ఆశీలు వసూలు చేసే కాంట్రాక్టరు మీద ఎన్ని శాపనార్థాలు పెట్టినా, పాపం, గేదెల్ని అతను పుట్టించడు, అదే గేదెను పదిసార్లు చేతులు మార్పించి పదిసార్లూ ఆశీలు రాయడు. పైగా సంతలో అమ్మినవాడు డబ్బు రొంటిన దోపుకుని ఊరెళ్లిపోతాడు. ఇక్కడ వచ్చిన డబ్బు స్టీమ్ అనే వాళ్ల ఆన్‌లైన్ దుకాణపు వాలెట్‌లోనే ఉంటుంది, బ్యాంకుకు చేరదు. దాంతో మళ్లీ వాళ్ల దగ్గరే ఏదో ఒకటి కొనాలి.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనూ ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. మంచిదే. అయితే రమ్మీలో గెలిచినవాడు కనీసం నోట్లు కళ్లజూసేవాడు.

గార్ఫీల్డ్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆటగాళ్ల వ్యసనాన్ని ఆసరా చేసుకుని హద్దూ పద్దూ లేకుండా ఖర్చు పెట్టించే ఆటలను దుయ్యబడుతూ 2016లో ఆయన ఒక మేనిఫెస్టో రాశాడు. ఓపిగ్గా, నిజాయితీగా రాసిన వ్యాసం, ఇప్పటికీ చదవదగ్గది. తన ఆటలో మాత్రం ఖర్చుకు హద్దుందన్నాడు. బజారు ధరలు ఉన్నాయి కదా, ఎంతవుతుందో ముందే లెక్క కట్టుకోవచ్చు. నిజమే. మునిగే లోతు ముందే కొలిచి చెప్పారని చెరువు గట్టున నిలబడి కృతజ్ఞతలు చెప్పాలి.

ఇక ప్రతిజ్ఞ ఏమైందంటారా? ఆక్స్ అనే వీరుడి కార్డు గట్టిది. గెలవాలనుకున్న ప్రతివాడికీ అది కావాలి. విడుదలైన తొలి రోజుల్లో ఆ ఒక్క కార్డు ధర మొత్తం ఆట ధరను దాటింది. డబ్బున్నవాడు గెలవడన్నారు కదా, నిజంగానే గెలవడు. ఆక్స్ ఉన్నవాడు గెలుస్తాడు. కార్డుల బలాబలాలు దాదాపుగా ముట్టుకోం, మీ సొత్తుకు విలువ ఉండాలి కదా అని చెప్పిన కంపెనీయే నెల తిరక్కుండా డిసెంబరులో ఆక్స్ కోరలు పీకింది. అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి అన్న సామెతకు ఇంత ఆధునికమైన ఉదాహరణ నేను చూడలేదు. గొడవ ముదరకుండా ఆ కార్డును తామే తిరిగి కొంటామన్నారు. డబ్బు ఎక్కడికొచ్చిందో చెప్పక్కర్లేదు, వాలెట్‌లోకే.

మొదట్లో ఒకేసారి అరవై వేల మంది దాకా ఆడారు. కొన్ని నెలల్లో ఆ సంఖ్య వెయ్యి లోపలికి దిగింది. 2019 మొదట్లో జరుపుతామన్న పది లక్షల డాలర్ల పోటీ జరగనే లేదు. బజారు నిండా సరుకుంది, కొనే నాథుడే కరువు.

2021 మార్చిలో వాల్వ్ చేతులెత్తేసింది. ఆటను ఉచితం చేసింది. కార్డులన్నీ అందరికీ ఊరికే ఇచ్చేసింది, ఆక్స్‌తో సహా. ఉచితమైతే విలువ పడిపోతుందన్న తత్వం ఆ రోజు ఎటు పోయిందో న్యూవెల్ చెప్పలేదు. డబ్బులు పోసి కొన్నవాళ్లను మాత్రం మరిచిపోలేదు. వాళ్ల దగ్గరున్న కార్డులకు కలెక్టర్స్ ఎడిషన్ అని ముద్ర వేసి, కావాలంటే ఇప్పటికీ మార్కెట్లో అమ్ముకోవచ్చని అనుమతి ఇచ్చింది.