సెలవు చీటీ

మా పాపని బడి మాన్పించింది మూడో తరగతి మధ్యలో, దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజున. పొద్దున్న ఏడింటికి వీధి చివర వ్యాను హారన్ వినపడగానే తాగిన పాలు తాగినట్టే కక్కేసింది. అప్పటికి రెండు నెలలుగా అదే వరస. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, "ఆదివారం ఎలా ఉంటుందమ్మా?" అని అడిగారు. ఆదివారం గంతులేస్తుందండీ అన్నాను. ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం దాని లెక్కల నోట్సు తిరగేశాను. 198కి 45 కలపమన్నారు. ఇది 45లోంచి రెండు తీసి 198కి ఇచ్చేసి, 200కి 43 కలిపి 243 వేసింది. ఎవరూ నేర్పకుండా ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ ఆలోచన వచ్చినందుకు, ఎమ్మెస్సీ లెక్కలు చదివిన నాకు ఒళ్ళు పులకరించింది. ఆ లెక్క మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్ర గీత. పక్కన "చెప్పినట్టు చెయ్యి" అని రాసి ఉంది. గీత ఎంత గట్టిగా గీశారంటే కాగితం వెనక్కి తిప్పితే వేలికి తగులుతోంది.

ఎర్ర పెన్ను ఇక మా ఇంటి గడప తొక్కకూడదనుకున్నాను. ఆ రాత్రే ఆకుపచ్చ పెన్నులు డజను కొన్నాను.

గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు. మావారికి తెనాలిలో బ్యాంకు ఉద్యోగం, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. "నువ్వు చెప్పగలిగితే నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. అత్తయ్యగారు మాత్రం రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు బియ్యం ఏరుతూ, "పిల్ల నలుగురిలో ఎలా తిరుగుతుందే అమ్మాయ్?" అన్నారు. సాయంత్రం మా లైన్లో పిల్లలతో ఆటలున్నాయి కదా అన్నాను. ఆవిడ మళ్ళీ చేటలోకి చూసుకున్నారు.

చట్టం సంగతి కూడా చదివాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి చదువు హక్కు ఇచ్చింది. తల్లి దగ్గర ఇంట్లో చదువుకునే పిల్లల ఊసు అందులో లేదు. పరీక్షల దారి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ చూపించింది. పద్నాలుగేళ్ళు నిండితే సెకండరీకి నమోదు కావచ్చు. ఐదు సబ్జెక్టులు గట్టెక్కితే చాలు, తెలుగు మాధ్యమం ఉంది, నమోదు ఐదేళ్ళు చెల్లుతుంది, ఆ లోపల తొమ్మిదిసార్లు పరీక్ష రాసే వీలుంది. తొమ్మిదిసార్లు! ఒక్క తప్పుకి అడ్డంగా గీత కొట్టే చోటి నుంచి వచ్చిన పిల్లకి అంతకంటే దయగల మాట ఏముంటుంది?

ఏ పుస్తకాలు పెట్టాలన్నదే అసలు తలనొప్పి. మొదట ఎవరో మెచ్చుకున్నారని అమెరికా వాళ్ళ లెక్కల సెట్టు తెప్పించాను. రంగులు, బొమ్మలు, నున్నటి కాగితం, చేతినిండా బరువు. మూడో రోజు పాప "డైమ్ అంటే ఎంతమ్మా?" అంది. చెప్పాను. నాలుగో రోజు పెరట్లో మంచు ఎన్ని అంగుళాలు పడిందో కొలవమన్నారు. గుంటూరు పిల్లకి మంచు కథ చెప్పవచ్చు కానీ లెక్క చెప్పకూడదు. లెక్క పిల్ల చేతికి అందే వస్తువు మీదే నిలబడాలి. ఇది నేను గట్టిగా నమ్మే మాట. ఆ సెట్టు అటకెక్కింది.

తర్వాత ఎన్సీఈఆర్టీ వాళ్ళ గణితం పుస్తకాలు తెచ్చాను. అప్పటి ఐదో తరగతి పుస్తకం చేపల పాఠంతో మొదలయ్యేది, పడవల వేగాలు, చేపల తూకాలు, అప్పులు, వడ్డీలు. అది చదివాక పాపని నిజాంపట్నం రేవుకి తీసుకెళ్ళాను. తెల్లవారుజామున పడవలు వచ్చి, గంపలు దిగి, పాట మొదలైంది. పాటపాడే మనిషి నోటి వెంట అంకెలు ఉరుకుతుంటే పాప వేళ్ళు ముడుస్తూ వెంటపడింది. అలాంటి క్లాసు ఏ బడిలో దొరుకుతుంది?

తెలుగుకి మా నాన్నగారు బైండు చేయించి దాచిన చందమామలు, పెద్ద బాలశిక్ష. సైన్సుకి అరవింద్ గుప్తా చెప్పిన బొమ్మలు, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు. రెండు పుల్లల్ని ట్యూబు ముక్కతో కలిపితే కీలు అవుతుంది, మూడు కీళ్ళతో త్రిభుజం బిగుసుకుంటుంది, నాలుగు కీళ్ళ చతురస్రం నొక్కితే ఒరిగిపోతుంది. ఇనప వంతెనల్లో అన్ని త్రిభుజాలు ఎందుకుంటాయో చిన్న అగ్గిపెట్టెతో తేలిపోయింది. గిజుభాయి రాసిన పగటికల, జపాను రైలుబడి కథ నా తలగడ పక్కనే ఉండేవి. ఆయన గుజరాతు క్లాసులోనూ, ఆ రైలుపెట్టెల్లోనూ ఉన్న పిల్లల్లా మా పాప కూడా నవ్వుతూ చదవాలి. నాకున్న కోరిక అదొక్కటే.

నెమ్మదిగా నాకొక సంగతి అర్థమైంది. పుస్తకం కంటే ఇల్లే గొప్ప పాఠం. అట్టుని నాలుగు చేస్తే భిన్నాలు, కుక్కరు కూతలో ఆవిరి పీడనం, పెరుగు తోడులో సూక్ష్మజీవులు, ఆటో నంబర్లో ప్రధాన సంఖ్యలు. జడ వేస్తూ పదమూడో ఎక్కం చెప్పించేదాన్ని, మూడు పాయలకి మూడేసి చొప్పున. ఒక్క నిమిషం వృథా పోనివ్వలేదు. రాత్రి దీపం ఆర్పాక కూడా, కిటికీలోంచి చుక్కలు కనపడితే వాటి పేర్లు. పొద్దున్న తొమ్మిదికి మొదలయ్యే క్లాసు నాకు తెలియకుండానే ఆరింటికి మొదలై పిల్ల నిద్రపోయేదాకా నడిచేది. పాపకి వాంతులు ఆగిపోయాయి. గోళ్ళు కొరకడం మానేసింది. అడిగిన ప్రశ్నకల్లా జవాబు చెప్పేది. ఆదివారం పొద్దున వాళ్ళ నాన్న వారం నోట్సులన్నీ చూసి సంతకం పెట్టేవారు. అందుకే ఆయనకి "ప్రధానోపాధ్యాయులుగారు" అని పేరు పెట్టింది.

కిందటి వేసవిలో ఓ పౌర్ణమికి సూర్యలంక వెళ్ళాం. బాపట్ల దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. చంద్రుడు పైకొచ్చాడు, కెరటాలు మా చెప్పులు విడిచిన చోటిదాకా వచ్చాయి. పౌర్ణమికి, అమావాస్యకి సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరసలోకి వస్తారని, సూర్యచంద్రులిద్దరి లాగుడూ కలిసి పోటు పెరుగుతుందని ఇసుకలో గీసి చూపించాను. పాప నా చెయ్యి పట్టుకుని నిలబడి విన్నది. విన్నాక, "ఇసుకలో కాసేపు కూర్చుందామా అమ్మా? ఊరికే" అంది. సరే, పోటు ఎంత పైకొస్తుందో పుల్ల గుచ్చి కొలుద్దాం, కూర్చో అన్నాను. పుల్ల ఏరుకొచ్చి ఇచ్చింది.

వానాకాలంలో జ్వరం వచ్చింది. థర్మామీటరు 102 చూపిస్తోంది. నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, నీరు ఆవిరయ్యేటప్పుడు ఒంట్లో వేడిని ఎలా తీసుకుపోతుందో మెల్లిగా చెప్పాను. కళ్ళు మూసుకునే, "అర్థమైంది మేడమ్" అంది. నా గుండె కలుక్కుమంది. ఆ బడి భయం ఇంకా దీని లోపల కూర్చునే ఉంది కాబోలు, జ్వరంలో బయటపడింది అనుకున్నాను. ఆ రాత్రంతా దాని పక్కనే కూర్చున్నాను.

ఆ తర్వాత జడ వేయించుకోవడానికి వాళ్ళ నానమ్మ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. అత్తయ్యగారు నూనె రాసి, చిక్కు తీసి, నెమ్మదిగా అల్లేవారు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవారు కాదు. పోనీలే, నాకు పొద్దున్నే అరగంట కలిసొచ్చింది అనుకుని ఆ అరగంట ఇంగ్లీషుకి ఇచ్చాను.

మొన్న శనివారం తెలుగులో లేఖారచన. సెలవు చీటీ ఎలా రాయాలో చెప్పాను. కుడివైపు పైన ఊరు, తేదీ. తర్వాత ఎవరికి, విషయం, సంబోధన, అసలు మాట, చివర సంతకం. "సొంతంగా రాయాలి. నీకు నిజంగా కావాల్సిందే అడగాలి. జ్వరం, పెళ్ళి అని అందరూ రాసేవి వద్దు" అని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. పోపు వేసి వచ్చేసరికి కాగితం నాలుగు మడతలు పెట్టి నా బల్ల మీద ఉంచింది. మనిషి నానమ్మ గదిలో ఉంది.

ఆకుపచ్చ పెన్ను మూత తీసి కూర్చున్నాను. గుంటూరు, తేదీ, సరిగ్గా కుడివైపునే రాసింది. టిక్కు పెట్టాను. "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులుగారికి" అని వాళ్ళ నాన్నకే రాసింది. 'ధ్యా' ఒత్తు పోలేదు, ఇంకో టిక్కు. విషయం: సెలవు కోరుట. టిక్కు. అడుగున "ఇట్లు, తమ విధేయురాలు" అని, దాని కింద పేరు, ఐదవ తరగతి. ఏదీ మరిచిపోలేదు. నా పిల్ల ఎంత పొందికగా రాసిందో అని మురుసుకుంటూ అప్పుడు మధ్యలోకి వచ్చాను.

"ఆర్యా, నమస్కరించి వ్రాయునది ఏమనగా, మా టీచరుగారు మా ఇంటికి వచ్చి రెండు సంవత్సరములైనది. వారు చాలా మంచివారు, కొట్టరు. కానీ వారు వచ్చినప్పటి నుండి మా అమ్మ కనిపించుట లేదు. కావున దయచేసి మా టీచరుగారికి ఒక్క రోజు సెలవు మంజూరు చేసి, మా అమ్మను ఇంటికి పంపవలసినదిగా ప్రార్థన."